వాచ్ ముసలిదైతే బ్యాటరీ మార్చాలా, వాచే మార్చాలా?

సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్‌లో ఇప్పుడు చేతికి స్మార్ట్ వాచ్ ఉండటం వింతేమీ కాదు. గజ్వేల్ కాలేజీకి బస్సెక్కే పిల్లల చేతికి ఉంది, ట్రాక్టర్ నడిపేవాళ్ళకు ఉంది, తెల్లవారకముందే కానిస్టేబుల్ పరుగు ప్రాక్టీసుకు పోయే యువకులకు ఉంది. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేసే కొడుకు పంపిస్తే రిటైరైన సారుకూ ఉంది. రెండు మూడేళ్ళ కింద దసరా, దీపావళి ఆఫర్లలో కొన్నవన్నీ ఇప్పుడు ఇంచుమించు ఒకే ఈడుకు వచ్చాయి. ఫోన్ రిపేరు షాపుల దగ్గర వినిపించే మాట కూడా ఒకటే: "అన్నా, పొద్దుగాల ఫుల్ పెడితే పగటీలికే దిగిపోతున్నది. బ్యాటరీ వేయిస్తే నడుస్తదా, కొత్తది కొనుడేనా?"

దీనికి దొరికే జవాబు కూడా చప్పున వచ్చేస్తుంది. ఐదారు వందలు పెట్టి బ్యాటరీ వేసే బదులు ఇంకో వెయ్యి కలిపితే కొత్త వాచే వస్తుంది కదా అంటారు. లెక్కగా చూస్తే తప్పులేదు. అయితే ఈ ఒక్క ప్రశ్న లోపల ఇంకో నాలుగు ప్రశ్నలున్నాయి. పోయింది నిజంగా బ్యాటరీయేనా? వాచ్ విప్పితే తిరిగి మునుపటిలా మూతపడుతుందా? దాని సాఫ్ట్‌వేర్ ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుంది? అన్నిటికన్నా ముఖ్యం, ఆ వాచ్‌ను మనం దేనికోసం పెట్టుకుంటున్నాం? వీటికి జవాబు చూసుకోకుండా కొన్న కొత్త వాచ్ మూడేళ్ళకు మళ్ళీ ఇదే షాపు ముందు నిలబెడుతుంది. నా పక్షం ముందే చెబుతాను. మొదటి అవకాశం రిపేరుకే ఇవ్వాలి. అయితే ఒక్క రూపాయి కూడా పెట్టకూడని వాచ్‌లు ఉన్నాయి, అవి ఏవో తెలియాలి.

బ్యాటరీ పోయిందని తెచ్చే వాచ్‌లన్నిటికీ బ్యాటరీ పోయి ఉండదు. రెండు వేల లోపు వాచ్‌ల వెనక ఛార్జింగ్ కోసం రెండో నాలుగో చిన్న పిన్నులుంటాయి. పొలం పని చేసేవాళ్ళ చెమట, మన్ను, యూరియా చేతితో తాకినప్పటి పొడి అక్కడే పేరుకుంటాయి. కొన్నాళ్ళకు పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా కరెంటు సరిగా ఎక్కదు, పొద్దున సగమే ఉంటుంది. మనం బ్యాటరీని తిడతాం. మెత్తటి పళ్ళ బ్రష్ మీద రిపేరు షాపులో ఎప్పుడూ ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి ఆ పిన్నులను రుద్ది ఆరబెడితే చాలాసార్లు పని అయిపోతుంది. ఛార్జింగ్ వైరు లోపల తెగిందేమో ఇంకొకరి వైరు పెట్టి చూడటం మరింత తేలిక.

సెట్టింగులూ చూడాలి. చెయ్యి ఎత్తితే స్క్రీన్ వెలిగే సదుపాయం ట్రాక్టర్ స్టీరింగ్ పట్టుకున్నవారికి శత్రువు. దుక్కిలో ప్రతి కుదుపుకూ చెయ్యి లేస్తుంది, ప్రతిసారీ స్క్రీన్ వెలుగుతుంది. కలుపు తీసేవారిదీ అదే కథ. రాత్రంతా ఆక్సిజన్ కొలవడం, నిమిషం నిమిషం గుండె వేగం చూడటం, బ్లూటూత్ కాలింగ్, ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే, ఇవన్నీ ఆపి ఒకసారి నిండా ఛార్జింగ్ పెట్టి రెండు రోజులు చూడండి. అప్పటికీ సగం రోజులో పడిపోతే బ్యాటరీ నిజంగానే అలసిందని అర్థం. ఆపిల్ వాచ్‌లో అయితే ఇంత కష్టం లేదు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ శాతం రాసి ఉంటుంది. చవక వాచ్‌లలో సాధారణంగా ఆ సమాచారం ఉండదు కాబట్టి మన కళ్ళే మీటరు.

బ్యాటరీ అలసటంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. 1991లో సోనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చిన, 2019లో జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు రసాయన శాస్త్రంలో నోబెల్ తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయే ఫోన్‌లోనూ వాచ్‌లోనూ ఉండేది. తేడా పరిమాణంలో ఉంది. ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ మామూలు. వాచ్‌లో 200 నుంచి 300 దగ్గర ఆగుతుంది. ఛార్జి ఎక్కి దిగినప్పుడల్లా లోపల కొంత లిథియం ఇక తిరిగి పనికిరాకుండా చిక్కుకుపోతుంది. ఉన్నదే కొంచెం కాబట్టి వాచ్‌లో ఆ నష్టం త్వరగా కనబడుతుంది.

అయితే బ్యాటరీ సత్తా 80 శాతానికి తగ్గడం అన్ని వాచ్‌లకూ ఒకే నష్టం కాదు. తన వాచ్ బ్యాటరీ పూర్తిగా 1000 సార్లు ఛార్జి అయ్యాక కూడా 80 శాతం సత్తా నిలుపుకునేలా తయారు చేశామని ఆపిల్ చెబుతుంది. రోజూ ఛార్జి పెట్టే వాచ్‌కు వెయ్యి సార్లంటే మూడేళ్ళ లోపే. చాలా మోడళ్ళకు ఆ కంపెనీ చెప్పే పగటి లెక్క 18 గంటలు. పొద్దున ఐదున్నరకు పెట్టుకుంటే రాత్రి పదకొండున్నర దాకా రావాలి. 20 శాతం తగ్గితే పద్నాలుగున్నర గంటలు కూడా రాదు, రాత్రి ఎనిమిది కాకముందే స్క్రీన్ ఆరిపోతుంది. భోజనం తర్వాత నడకకు పోయే సారుకు వాచ్ ఉన్నా లేనట్టే. అదే వారం రోజులు నడిచే చవక వాచ్ 20 శాతం పోగొట్టుకుంటే ఐదున్నర రోజులు నడుస్తుంది. ఎవరూ గమనించరు కూడా. వారానికొకసారి ఛార్జి పెట్టేదానికి ఏడాదికి యాభై సార్లు దాటదు. కాబట్టి చవక వాచ్ బ్యాటరీ రెండేళ్ళలో చచ్చిందంటే ఛార్జింగ్ లెక్క కన్నా ఎండను, వయసును, నాసి సెల్‌ను అనుమానించాలి.

ఎండ సంగతి మన ప్రాంతానికి చిన్నది కాదు. తన మామూలు వాచ్‌లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. సిద్దిపేట జిల్లాలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలే. బండి ట్యాంక్ కవర్లో వాచ్ పెట్టి ఎండలో వదిలేసినా, ట్రాక్టర్ మీద పవర్‌బ్యాంక్‌తో నూరు శాతం దాకా నింపినా ఆ బ్యాటరీ ఆయుష్షు మనమే తగ్గించినట్టు. నిండు ఛార్జి, మండే వేడి రెండూ కలవడం దానికి అన్నిటికన్నా చేటు. ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు. సున్నా అయిన వాచ్‌ను బీరువాలో పడేసి ఆరు నెలలకు తీస్తారు. వోల్టేజీ మరీ పడిపోయి అది లేవదు. అలాంటప్పుడు కొన్ని గంటలు ఛార్జర్ మీద వదిలి చూడాలి. అప్పటికీ లేవకపోతే పోయినట్టే.

ఇక విప్పే ముచ్చట. నిర్ణయమంతా చాలావరకు ఇక్కడే తేలుతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ పక్కన కూర్చుని చూడండి. ముందు హీట్ గన్‌తో గాజు అంచుల చుట్టూ గమ్ మెత్తబడేదాకా వేడి పెడతాడు. సన్నటి ప్లాస్టిక్ ముక్కను అంచులోకి దూర్చి మెల్లగా జరుపుతాడు. ఇక్కడ తొందర పనికిరాదు. డిస్‌ప్లే ఒక పక్కన కాగితమంత పలుచని రిబ్బన్‌తో బోర్డుకు కలిసి ఉంటుంది. అది తెగితే బ్యాటరీ కోసం వచ్చిన వాచ్ డిస్‌ప్లే కూడా పోయి తిరిగి వెళ్తుంది. మూత లేచాక వెండి రంగు రేకు సంచిలా సెల్ కనిపిస్తుంది. తల దగ్గర పసుపు టేపు, టేపు కింద గోరంత రక్షణ బోర్డు, దాని నుంచి ఎరుపు, నలుపు వైర్లు. సెల్ మీద 402030 లాంటి అంకె ఉంటుంది. అంటే 4 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, 30 పొడవు అని. అదే అంకె ఉన్న సెల్ దొరికితేనే వేయించాలి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా ఇవాళ మూత పడవచ్చు గానీ, ముసలిదయ్యే కొద్దీ సెల్ కొంచెం ఉబ్బుతుంది, స్క్రీన్‌ను పైకి తోస్తుంది. వోల్టేజీ కూడా చూడాలి. పాత సెల్ 4.35 వోల్టుల దాకా నిండే రకమైతే, 4.2 దగ్గరే ఆగాల్సిన మామూలు సెల్‌ను అందులో పెట్టడం దాన్ని రోజూ అతిగా నింపడమే. ఈ ఒక్క ప్రశ్న అడిగితే మెకానిక్‌కు పని తెలుసో లేదో తెలిసిపోతుంది.

ఆ తర్వాత టంకం, పరీక్ష, బీ-7000 గమ్, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఒక రాత్రి. వాచ్ లేచి నడుస్తుంది. కానీ పెట్టె మీద రాసిన ఐపీ68, 5 ఏటీఎం నీటి రక్షణ ఆ క్షణంతో పోయినట్టే లెక్క. ఫ్యాక్టరీలో వేసిన సీలు చేతితో పూసిన గమ్‌తో పూర్తిగా తిరిగి రాదు. వాన పడితే జేబులో పెట్టుకోవాలి, స్నానానికి తీసేయాలి, బోరు దగ్గర చేతులు కడిగేటప్పుడు జాగ్రత్త పడాలి. దీనికి ఒప్పుకునేవారికి, స్క్రీన్, టచ్ బాగున్న వాచ్‌కు ఐదారు వందల రిపేరు మంచి బేరమే. సెల్ ఖరీదు అందులో వందో రెండు వందలో, మిగతాది చేతి పని. నాటు వేసే రోజుల్లో నీళ్ళలోనే ఉండేవారికి మాత్రం అది వారం రోజుల ముచ్చట.

గజ్వేల్‌లో కొలతకు సెల్ దొరకకపోతే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఉన్నాయి. కానీ దాని కోసమే పోవడం దండగ. జగదేవ్‌పూర్ నుంచి పోయి రావడమంటే ఒక రోజు కూలీ, పైగా బస్సు ఛార్జీలు. పట్నం వాళ్ళు రాసే సలహాల్లో ఈ ఖర్చు ఎప్పుడూ కనబడదు, మనకు మాత్రం అదే పెద్ద ఖర్చు. వేరే పని మీద పోయేవారికి సెల్ ఫొటో, కొలతలు ఇచ్చి తెప్పించుకోవడం ఉత్తమం.

మనకు ఇదంతా ఇంత కష్టంగా ఎప్పుడూ లేదు. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో హెచ్‌ఎంటీ మొదలుపెట్టిన వాచ్‌లకు పొద్దున్నే కీ ఇస్తే చాలు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సీకోతో కలిసి వాచ్‌లు చేసింది. హోసూరు నుంచి టైటన్ క్వార్ట్జ్ వాచ్‌లు వచ్చాయి. బొత్తాం లాంటి సెల్ అయిపోతే బజారులో కంటికి అద్దం బిగించుకుని కూర్చునే వాచ్ మెకానిక్ ఐదు నిమిషాల్లో వేసిచ్చేవాడు. సెల్ అయిపోవడం వాచ్ అయిపోవడం కాదని అందరికీ తెలుసు. స్మార్ట్ వాచ్ ఆ హక్కును మన చేతిలోంచి తీసేసుకుంది. నీళ్ళు చొరకూడదు, పలుచగా ఉండాలి కాబట్టి అతికించక తప్పదన్నది కంపెనీల వాదన. అందులో కొంత నిజం ఉంది. పూర్తి నిజం మాత్రం కాదు. 2022లో వచ్చిన గూగుల్ మొదటి పిక్సెల్ వాచ్ రిపేరుకు లొంగని రకం. అదే కంపెనీ 2025లో తెచ్చిన పిక్సెల్ వాచ్ 4ను స్క్రూలతో బిగించి, బ్యాటరీ, డిస్‌ప్లే మార్చుకునేలా చేసింది. నీటి రక్షణా అందులో ఉంది. తలుచుకుంటే అవుతుందని దీంతో తేలిపోయింది.

ఖరీదైన వాచ్‌కు లెక్క వేరు. అక్కడ గల్లీ రిపేరు వద్దని నా అభిప్రాయం. విడిభాగాలు, సీలు, సెన్సార్లు అన్నీ ఆ కంపెనీ పద్ధతిలోనే కలిసి పనిచేస్తాయి కాబట్టి అధికారిక సర్వీసే మేలు. ఛార్జీ ఎంతో, కొరియర్‌లో పంపించుకునే వీలుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అంతకన్నా ముందు చూడాల్సింది సాఫ్ట్‌వేర్. ఆపిల్ సిరీస్ 5 వచ్చింది 2019లో. 2024లో వచ్చిన వాచ్‌ఓఎస్ 11 సిరీస్ 6కూ ఆ తర్వాతి వాటికీ మాత్రమే అందింది, సిరీస్ 4, 5 ఆగిపోయాయి. అంటే దాదాపు ఐదేళ్ళు. శామ్‌సంగ్ 2021లో గెలాక్సీ వాచ్ 4తో గూగుల్ వేర్‌ఓఎస్‌కు మారింది. తన పాత టైజెన్ సాఫ్ట్‌వేర్ వాచ్‌లకు యాప్ స్టోర్ సేవలను దశలవారీగా తగ్గించి 2025 సెప్టెంబర్‌కల్లా మూసేసింది. అలాంటి వాచ్‌కు కొత్త బ్యాటరీ వేయిస్తే అది మూడేళ్ళు నడవచ్చు గానీ, దానితో మాట్లాడే యాప్‌లు అంతకాలం ఉండవు. కనీసం ఇంకో రెండేళ్ళు అప్‌డేట్లు వచ్చే వాచ్‌కే పెద్ద ఖర్చు పెట్టాలి.

మధ్యస్థ ధర వాచ్‌ల పరిస్థితి అన్నిటికన్నా బాధాకరం. ఫాసిల్ 2024 జనవరిలో స్మార్ట్ వాచ్‌ల వ్యాపారం నుంచే తప్పుకుంది. వేలకు వేలు పోసి కొన్న వాచ్ మీద రెండో మూడో వేలు రిపేరుకు పెట్టాలా అన్నది అక్కడ నిజమైన సంకటం. చవక వాచ్‌లలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఫోన్‌లోని యాప్ ఆగిపోతే, కొత్త ఆండ్రాయిడ్‌లో పనిచేయకపోతే, వాచ్ ఉత్త గడియారం అవుతుంది. కాబట్టి బ్యాటరీ వేయించే ముందు ఆ యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో ప్లే స్టోర్‌లో చూసుకోండి. రెండేళ్ళుగా కదలిక లేదంటే ఆశ వదులుకోవచ్చు. దీనికి ఒక్క గొప్ప మినహాయింపు పెబుల్ స్మార్ట్ వాచ్. 2016 డిసెంబర్‌లో ఆ కంపెనీ మూతపడింది. వాడేవాళ్ళే రెబుల్ పేరుతో కూడి సేవలను నడుపుకున్నారు. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచ్ సాఫ్ట్‌వేర్ మూలాన్ని అందరికీ విడుదల చేసింది. అభిమానం, తెరిచిన సాఫ్ట్‌వేర్ రెండూ ఉంటే పాత వాచ్‌కు పదేళ్ళ ఆయుష్షు ఉంటుందని అది నిరూపించింది.

కొత్త వాచ్ అమ్మేవాళ్ళు చూపే ఆకర్షణల్లో అన్నీ నమ్మదగినవి కావు. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామనే వాచ్‌లను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి వాచ్ వేటికీ తాను అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. వెయ్యిన్నర రూపాయల వాచ్ చూపే బీపీ అంకెను చూసి మాత్ర మానేసేవాళ్ళు మన ఊళ్ళల్లో ఉంటే, ఆ అంకెనూ నమ్మవద్దని వాళ్ళకు తప్పకుండా చెప్పాలి. షుగర్‌కు గ్లూకోమీటర్, బీపీకి చేతికి పట్టీ కట్టే మిషనే.

కానిస్టేబుల్ ప్రాక్టీసు చేసే కుర్రాడి సంగతి తీసుకోండి. అతనికి కావాల్సింది 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తయిందా లేదా అన్నది. దానికి స్టాప్‌వాచ్ చాలు. పగటీలికి దిగిపోయే వాచ్ పొద్దున అరగంటకు పుష్కలంగా సరిపోతుంది. అతను బ్యాటరీ కూడా మార్చనవసరం లేదు, మిగతావన్నీ ఆపేసి స్నానం చేసేంతసేపు రోజూ ఛార్జి పెట్టుకుంటే ఇంకో ఏడాది నడుస్తుంది. బ్యాటరీ మార్చడం, వాచ్ మార్చడం అన్న రెండింటి మధ్య ఈ మూడో దారిని మనం మరిచిపోతున్నాం. ఆపిల్ వాచ్ పెట్టుకునే సారు కూడా సాయంత్రం చాయ్ తాగే అరగంటలో ఛార్జి పెడితే రాత్రి దాకా ఢోకా ఉండదు. అయితే పడిపోతే కబురు పెట్టే సదుపాయం కోసం, గుండె లయ తప్పితే హెచ్చరించే సదుపాయం కోసం వాచ్ పెట్టుకున్న పెద్దవారి విషయంలో ఈ సర్దుబాటు తగదు. బాత్రూములో జారిపడ్డ సమయానికి వాచ్ ఛార్జర్ మీద ఉంటే లాభమేముంది? అక్కడ ఆలస్యం చేయకుండా అధికారిక సర్వీసులో బ్యాటరీ వేయించాలి. సాఫ్ట్‌వేర్ కాలం తీరిందంటే కొత్త వాచే తీసుకోవాలి. పిల్లలు పెట్టే ఖర్చుల్లో ఇది అనవసరమైనది కాదు.

ఇంకెవరు నేరుగా కొత్తదానికి పోవచ్చు? టచ్ మొద్దుబారినవారు, గాజు పగిలి లోపల తేమ చేరినవారు, యాప్ ఆగిపోయినవారు. ఒకవేళ స్క్రీన్ ఒక పక్క పైకి లేచి సందు కనబడితే అది వేరే సంగతి, అత్యవసరం. "స్క్రీన్ లేసింది తమ్మీ, బ్యాటరీ ఉబ్బింది" అని మెకానిక్ అంటే దాన్ని చేతితో అదిమి మూసే ప్రయత్నం చేయవద్దు. ఉబ్బిన లిథియం సెల్‌ను నొక్కినా గుచ్చినా మంట లేచే ప్రమాదం ఉంది. చేతి నుంచి తీసి, ఛార్జింగ్ పెట్టకుండా, పిల్లలకు అందని చోట ఇనుప డబ్బాలో ఉంచాలి.

కొత్తది కొనేటప్పుడైనా కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మూడేళ్ళ తర్వాత దీని బ్యాటరీ ఎవరు మారుస్తారు, ఎంతకు? ఇలా అడిగేవాళ్ళు ఎక్కువైతేనే మార్పు వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతి పరికరాల బ్యాటరీలు వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలి. నీళ్ళలో వాడటానికే చేసిన కొన్ని వస్తువులకు కొంత మినహాయింపు ఉంది, అప్పుడు కూడా బయటి నిపుణులు మార్చగలగాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. 2024లో రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం కమిటీ వేసింది, అది 2025 మేలో నివేదిక ఇచ్చింది. మొదట ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెడదామన్నది అందులోని ఆలోచన. వాచ్‌ను పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. ఏటా కోట్ల సంఖ్యలో అమ్ముడయ్యే వస్తువు, తొందరగా పారేసే వస్తువు ఇది కదా. ఫ్రిజ్ మీద నక్షత్రాలు చూసి కొనడం నేర్చుకున్న మనం వాచ్ పెట్టె మీద రిపేరు మార్కులు చూసి కొనలేమా? 2024లో దేశంలో స్మార్ట్ వాచ్‌ల అమ్మకాలు బాగా పడిపోయాయి. మొదటి వాచ్ పాడయ్యాక జనం రెండోదాని వైపు అంత ఉత్సాహంగా పోవడం లేదని నాకు అనిపిస్తుంది. కంపెనీలు మరో కొత్త రంగు పట్టీ బదులు నమ్మకంగా బ్యాటరీ మార్చే ఏర్పాటు ఇస్తే ఆ జనం మళ్ళీ వస్తారు. వారంటీలో ఉన్న వాచ్‌ను పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు మనం వాడుతున్నది తక్కువ.

ఏ నిర్ణయం తీసుకున్నా చేతిలో ఒక పాత సెల్లో, పాత వాచో మిగులుతుంది. దాన్ని చెత్త ట్రాక్టర్‌లో వేయకండి. నలిగితే అక్కడే అంటుకోవచ్చు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు పాత సరుకు వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. మన హైదరాబాద్ చర్లపల్లిలోనే సీ-మెట్ సంస్థ ఇలాంటి వ్యర్థాల నుంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద పనిచేస్తోంది. లోటు ఉన్నది ఊరికీ అక్కడికీ మధ్యలోనే. మండల కేంద్రంలో ఒక సేకరణ డబ్బా పెట్టి నెలకొకసారి పట్టుకెళ్తే ఆ లోటు తీరుతుంది. పంచాయతీ, రిపేరు షాపులు కలిసి చేయగల పని ఇది. వాచ్ నడుస్తూనే ఉండి ఇంట్లో పిల్లలకో చుట్టాలకో ఇస్తుంటే మాత్రం ముందు మీ ఫోన్ నుంచి దాన్ని అన్‌పెయిర్ చేసి, లోపలి సమాచారమంతా చెరిపేసి ఇవ్వండి. ఆపిల్ వాచ్ అయితే ఇది మరీ ముఖ్యం. యాక్టివేషన్ లాక్ తీయకుండా ఇస్తే మీ పాస్‌వర్డ్ లేనిదే అవతలివారు దాన్ని తమ ఫోన్‌కు కలుపుకోలేరు.